నిద్ర దగ్గర అతుకు

మొన్న కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన ఒక ఏసీ బస్సు ఆగి ఉంది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. లోపల కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ కింద నిలబడ్డ కూతురికి ఏవో అప్పగింతలు చెబుతోంది. కూతురు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందే అవ్వా? ఇనవడ్తలేదు" అని అరుస్తోంది. నాకు తెలియకుండానే నేను ఆ తల్లి పెదవులు చదవడం మొదలుపెట్టాను. 'పాలు' వరకు అందింది. తర్వాతది 'పొంగుతయి' అందో, 'పొయ్యమను' అందో తేల్చుకునేలోగా బస్సు కదిలిపోయింది.

అక్క ఉండి ఉంటే నా వీపు మీద ఒకటి చరిచి మొత్తం మాట అప్పజెప్పేది. అంతటితో ఊరుకోకుండా ఆ కూతురి దగ్గరికి పోయి, "మీ అవ్వ గిట్లన్నది బిడ్డా" అని చెప్పి మరీ వచ్చేది. అక్క పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఉన్న ఆమె ఫోటో చూస్తే నాకేమీ అనిపించదు. ఇలా బస్టాండుల్లో, టీ కొట్ల దగ్గర గుర్తొస్తుంది. గుర్తొచ్చిందంటే ఆ రోజంతా ఏ పనీ సాగదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా కంపెనీకి ఓనరు, డైరెక్టరు, డ్రైవరు రానిరోజు డ్రైవరు. కంపెనీ అంటే మళ్ళీ ఏదో అనుకునేరు. జగిత్యాల టవర్ దగ్గర ఒక బట్టల షాపు మీద రెండు గదులు. ఒకదాంట్లో నా కంప్యూటరు, ఇంకోదాంట్లో లైట్లు, స్టాండ్లు, వాటి మధ్య అక్క కుర్చీ. అక్క, కెమెరా లక్ష్మణ్, నేను. మిగతావాళ్ళు పని ఉన్నప్పుడు వచ్చి పోయేవాళ్ళు. టీవీ చానెళ్ళకు నాటకాలు తీసేవాళ్ళం, డాక్యుమెంటరీలు తీసేవాళ్ళం. పెళ్ళిళ్ళ సీజన్లో పెళ్ళి వీడియోలు కూడా తీసేవాళ్ళం కానీ అది అక్కకు తెలియకుండా నేనూ లక్ష్మణూ చేసుకున్న ఏర్పాటు. తెలియదని మేం అనుకున్నాం.

అసలు నేను అక్క కంట పడ్డదే పెళ్ళి వీడియో దగ్గర. కోరుట్లలో ఒక ఫోటో స్టూడియోలో మిక్సింగ్ చేసేవాణ్ణి. పెళ్ళికూతురి మొహం చుట్టూ గులాబీలు పరిచి, కింద ఒక పాట వేస్తున్నాను. వెనక నుంచి పిడుగు పడ్డట్టు ఒక గొంతు.

"తమ్మీ, ఆ పిల్ల ఆకలైతుందని ఏడుస్తున్నది. నువ్వు దాని సుట్టు పువ్వులు వెడ్తున్నవ్."

తిరిగి చూస్తే పొట్టిగా, మగవాళ్ళ చొక్కా వేసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఒక మనిషి. ఫోటోల కోసం వచ్చిందట. పెళ్ళికూతురు పక్కనున్న చెల్లెలి వైపు తిరిగి పెదవులు కదుపుతోంది, నిజమే. "ఆకలి అన్నదని మీకెట్ల తెలుసు?" అన్నాను. "అన్నది గాబట్టి తెలుసు" అంది. పాట ఆపి రెండుసార్లు చూశాను. అన్నదనే అనిపించింది. అంతవరకు ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళు ఏమేమి అని ఉంటారో, వాటి మీద నేను ఎన్ని పాటలు పరిచానో తలుచుకుంటే భయమేసింది.

"నాతోని రా. మొఖం జూసుడు నేర్పుత" అంది. వెళ్ళాను.

అక్కది సిరిసిల్ల. సాంచల మధ్య పుట్టి పెరిగింది. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటాం. ఇంటి వెనక షెడ్డులో పొద్దంతా సాంచలు ఆడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని ఆ వాడకట్టుల్లో చిన్నపిల్లలు సహా అందరూ పెదవులు చదువుతారు, చేతులతో మాట్లాడుకుంటారు. ఆ చప్పుడుకు అక్కకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. కుడి చెవి సగం. తండ్రి గురించి అడిగితే, "సాంచలు నడిపిండు, నేను పది సదివేటప్పుడు పోయిండు" అని అక్కడితో ఆపేసేది. తల్లి గురించి మాత్రం అడగకపోయినా చెప్పేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. నేను విన్నవాటిలో ఒకటి, పెళ్ళిచూపులకు వచ్చినాయన పక్కవాడితో గొణిగింది తను చదివేసిందని.

గొంతు మాత్రం ఊరందరికీ సరిపడా ఉండేది. ఫోన్లో హైదరాబాదు వాళ్ళతో మాట్లాడుతుంటే కింద బట్టల షాపులో చీరలు చూస్తున్న ఆడవాళ్ళు బేరం ఆపి పైకి చూసేవాళ్ళు. ఎవరో కొట్టుకుంటున్నారని ఒకసారి షాపాయన పైకి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, జర మెల్లగ" అనేవాడు లక్ష్మణ్.

"మెల్లగనే మాట్లాడుతున్న గదరా!" అని అరిచేది.

షూటింగులో మాత్రం నోరు విప్పేది కాదు. అన్నీ సాంచల షెడ్డు సైగలే. అరచేతిని సాంచలో పోగు మోసే నాడెలా అటూ ఇటూ ఆడిస్తే మొదలుపెట్టమని. రెండు చేతుల వేళ్ళు కలిపి దారం తెంపినట్టు లాగితే కట్. గడ్డం కింద పిడికిలి పెట్టిందంటే ఎవరో ఒకరికి మూడిందని. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక నటుడు ఆ దారం తెంపడాన్ని చూసి, తనను పొమ్మంటోందనుకుని అలిగి కారెక్కాడు. లక్ష్మణ్ వెంటపడి తీసుకొచ్చాడు.

ఎడిటింగును అక్క అతుకుడు అనేది. తెగిన పోగును కలిపే పనికి వాళ్ళ వాడకట్టులో అదే మాట. "అతుకుడు అయ్యిందా?" అని పొద్దున్నే వచ్చి నా వెనక నిలబడేది. ముందు మాట తీసేయించి మూగగా చూసేది. చూస్తూ చూస్తూ, "గాడ అతుకు కనవడ్తున్నది. అతుకు కనవడద్దు తమ్మీ, బట్ట మీద చెయ్యి పోనిస్తే తగలద్దు" అనేది. ఎన్నిసార్లు మళ్ళీ చేయించిందో, నేనెన్నిసార్లు ఆమె ఇంటిపేరు తలుచుకుని మనసులో తిట్టుకున్నానో లెక్కలేదు.

నాటకాల్లో అక్కంత దుర్మార్గురాలు లేదు. రచయిత రాసిన డైలాగు అక్కడికక్కడ మార్చేసేది. చచ్చిపోవాల్సిన పాత్రను బతికించేది. ఒకసారి రచయిత ఏడ్చినంత పని చేశాడు. "నాటకం మనది. మనిష్టమున్నట్టు అబద్ధమాడుదాం" అనేది. అదే డాక్యుమెంటరీకి వచ్చేసరికి మనిషే మారిపోయేది. మనుషులు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోనిచ్చేది కాదు.

రుద్రంగి దగ్గర పొలాలు లేని కూలివాళ్ళ మీద ఒకటి తీశాం. అందులో ఒక ముసలమ్మ తన చిన్నతనం చెబుతూ, "గంజి తాగినం, పన్నం" అంటుంది. మన మాట హైదరాబాదు చానెల్ వాళ్ళకు కింద అక్షరాలు లేకపోతే ఎక్కదు కదా, అందుకని నేను అక్షరాల్లో 'పస్తులు పడుకున్నాం' అని వేశాను. అందరికీ అర్థమవుతుందని, కాస్త బరువుగా ఉంటుందని. అక్క చూసింది. గడ్డం కిందికి పిడికిలి పోయింది.

"ఆమె గంజి తాగిన అంటుంటె నువ్వు పస్తులుంచుతవేందిరా? ఉన్న గంజి గూడ గుంజుకున్నవ్ గదరా ముసల్దాని నోట్లకెల్లి!"

ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నిజంగా ఆ ముసలమ్మకు అన్యాయం జరిగినట్టే తిరిగింది. మొదట నవ్వుకున్నాను కానీ తర్వాత నాకూ ఎక్కింది. వాళ్ళు ఎంత అన్నారో అంతే, ఎట్ల అన్నారో అట్లనే. కంపెనీలో ఉన్న చట్టం అదొక్కటే.

అందుకే సిరిసిల్ల సినిమా గురించి చెప్పాలి.

భర్తలు పోయిన సాంచల కార్మికుల భార్యల మీద ఒక చానెల్ వాళ్ళు డాక్యుమెంటరీ అడిగారు. అక్క సొంత ఊరు. ఆమె పుట్టిన వాడకట్టుకు రెండు వీధుల అవతల ఒక ఇల్లు. ఆ ఇంటి కోడలి పేరు ఇక్కడ రాయను. రాసుకోవచ్చని తనే చెప్పింది, అయినా రాయను. భర్త పని దొరక్క, అప్పులై, ప్రాణం తీసుకున్నాడని ఊరంతా చెప్పింది. పేపర్లలో కూడా అట్లాగే వచ్చింది. ఆమెకు చిన్న కూతురు. పుట్టింట్లో ఎవరూ లేరు. మేం వెళ్ళేసరికి అత్త గడపలోనే నిలబడి మొట్టమొదట ఈ మాటే అంది: "కొడుకు పోయినా కోడల్ని, మనుమరాల్ని ఇంట్లనే ఉంచుకున్నం సారు. అది గూడ రాసుకోండ్రి."

ఆ రోజు మైకులు చూసే అబ్బాయి రాలేదు, నేను వెళ్ళాను. మా కోసం సాంచలు ఆపారు. నేను ఆమె కొంగుకు మైకు పెట్టాను. అక్క అడుగుతోంది, అత్త పక్కనే నిలబడి జవాబులు అందిస్తోంది.

"సక్కగ జూసుకుండె గదనే?"

"ఔ. సక్కగ జూసుకుండె."

"ఒక్క మాట గూడ అనకపోయేది."

"అనకపోయేది."

ఇంటర్వ్యూ అంతా అలాగే సాగింది. అయిపోయిందని మైకు విప్పాను. అత్త చాయ్ పెడతానని లోపలికి వెళ్ళింది. మరిది సాంచలు మళ్ళీ నడిపించాడు, గది దద్దరిల్లింది. నేను వైర్లు చుట్టుకుంటున్నాను. లక్ష్మణ్ సాంచల షాట్లు తీసుకుంటున్నాడు. ఆ కోడలు షెడ్డు గుమ్మంలో నిలబడి, ఎదురుగా ఉన్న అక్క వైపు చూస్తూ ఏదో ఒక్క మాట అంది. అక్క దగ్గరికి వెళ్ళి ఆమె భుజం మీద జారిన కొంగు సరిచేసింది. ఆ తర్వాత కారులో వేములవాడ దాటేదాకా నోరు విప్పలేదు. ఎండకు తలనొప్పి అనుకున్నాం.

అతుకుడు దగ్గర లక్ష్మణ్ తీసిన సాంచల షాట్లు చూస్తుంటే ఒకదాంట్లో ఆమె మొహం పడింది. కెమెరా సాంచ మీంచి గుమ్మం వైపు తిరిగిన క్షణంలో ఆ ఒక్క మాట అంటూ ఉంది. చప్పుడు తప్ప ఏమీ వినపడదు. కానీ ఆ మొహం! ఇంటర్వ్యూలో కొయ్యబొమ్మలా కూర్చున్న మనిషి ఇక్కడ ప్రాణంతో ఉంది. మంచి షాట్ కదా అని మధ్యలో ఊరికే పెట్టాను. చానెల్ పెద్దమనిషి జగిత్యాల వచ్చి చూస్తూ దాని దగ్గర ఆపించాడు.

"ఏమంటోంది ఈమె? ఇదే కదండీ మీ సినిమా! కింద అక్షరాలు వేయించండి."

నేను అక్క వైపు చూశాను. అక్క తెర వైపు చూస్తూ కాసేపు ఊరుకుంది. పెదవులు చదవడానికి ఆమెకు అంతసేపు ఎప్పుడూ పట్టదు. తర్వాత చెప్పింది.

"ఆయన పోయినంక నాకు నిద్ర లేదు."

చానెల్ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన వెళ్ళాక అక్క నా కుర్చీ వెనక నిలబడి, "నిద్ర దగ్గర కట్. అక్కడికెల్లి సాంచ మీదికి పో. 'లేదు' అన్నప్పుడు నాడె కనవడాలె, ఆమె కనవడద్దు" అంది.

"మాట నడుమలనా? అతుకు కనవడ్తదక్కా. మొఖం గదా అసలు మజా."

"కనవడనీ."

అన్నాళ్ళూ అతుకు కనపడకూడదని నా ప్రాణం తీసిన మనిషి కనపడనీ అంది. నేను మళ్ళీ వాదించాను. ఆమెకు కోపమొచ్చింది, నేను మౌస్ విసిరికొట్టాను. చివరికి ఆమె చెప్పినట్టే చేశాను. సినిమాకు మంచి పేరొచ్చింది. చానెల్ వాళ్ళు మళ్ళీ మళ్ళీ వేశారు. 'ఆయన పోయినంక నాకు నిద్ర లేదు' అనే మాట ఎంతమంది నోట విన్నానో. ఆ అతుకు గురించి మాత్రం ఎవరూ అడగలేదు. కావాలని చేసిన గొప్ప పని అనుకున్నారు. చూసినప్పుడల్లా నాకే పంటి కింద రాయిలా తగిలేది.

తర్వాత కొన్నేళ్ళకు అక్కకు గొంతులో జబ్బు చేసింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. గొంతు పోయింది. అంత గొంతు! కింద షాపాయన రోజూ అడిగేవాడు, "అక్క సప్పుడు లేదేంది?" అని.

సిరిసిల్లలో తల్లి దగ్గర ఉండేది ఆఖరికి. ఇప్పుడు అక్క పెదవులు మాత్రమే కదిపేది, తల్లి చదివి మాకు చెప్పేది. ముసలామె కూడా సాంచల మనిషే కాబట్టి గలగలా చెప్పేసేది. "కెమెరకు గొడుగు వట్టమంటున్నది", "లక్ష్మణు బక్కగయిండంటున్నది." నేను నేర్చుకున్న పెదవుల చదువు ఆ గది గుమ్మం దగ్గరే నిలబడిపోయేది. ఆఖరుసారి వెళ్ళినప్పుడు తల్లి బయటికి పోయింది. అక్క నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. పొడుగాటి మాటే. నాకు అందులో 'తమ్మీ' ఒక్కటే అందింది. మళ్ళీ చెప్పు అని అడగడానికి నోరు రాలేదు, ఆమెకు ఆయాసంగా ఉంది. "సరే అక్కా" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. దేనికి సరే అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నాలుగు రోజులకు పోయింది.

ఏడాదికి సిరిసిల్లలోనే ఆ సినిమా వేసి నలుగురం కూర్చుని తలుచుకుందామని లక్ష్మణ్ అన్నాడు. చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడాం. ఫ్లెక్సీ మీద అక్క ఫోటో, కింద అందరికీ తెలిసిన ఆ మాట. ఫ్లెక్సీ కట్టిన మరునాడు పొద్దున్నే జగిత్యాలలో మా గదికి ఒకామె మెట్లెక్కి వచ్చింది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. తెర మీద ఎన్నోసార్లు చూసిన మొహమే, తల నెరిసింది.

నీళ్ళు తాగి సూటిగా అడిగింది.

"ఆ అక్షరాలు మార్చాలె తమ్మీ. నేనన్నది అది గాదు."

నాకు ఒళ్ళు మండింది. అక్క చదివింది తప్పంటుందా?

"అక్క పోయినంక అక్క సినిమాల చెయ్యి వెట్టుడు నాతోని గాదమ్మా. అది అక్క సినిమ."

"సినిమ అక్కదే. నోరు నాది."

పాత హార్డ్ డిస్క్ తీసి ఆ షాట్ పెట్టాను. సినిమాలో ఉన్న ముక్క కాదు, లక్ష్మణ్ తీసింది తీసినట్టు మొత్తం. సాంచల హోరులో గుమ్మంలో ఆమె. నిద్ర దగ్గర నేను తెంపిన చోటు దాటి షాట్ ముందుకు పోయింది. 'లేదు' అనడానికి నోరు అట్లా మూసుకోదు. పక్కన కూర్చున్న మనిషి తెర మీది తనతో కలిసి మెల్లగా అంది.

"ఆయన పోయినంకనే నాకు నిద్ర వట్టింది."

నేను షాట్ ఆపేశాను.

"తాగి అచ్చేటోడు తమ్మీ. ఏ యాల్ల ఎందుకు లేపుతడో తెలువది. పండుకోవాలంటెనే బుగులు. దినాలు కాంగనే నేను గోడకు ఒరిగి నిద్రవోయిన. నిద్రల గూడ సిగ్గయింది. ఎవలకు జెప్పాలె? అక్క సాంచలకాడి మనిషని, సప్పుట్ల ఎవలు ఇనరని గామెకు జెప్పిన. మా అత్తకు తెలిస్తె నన్ను, నా బిడ్డను ఆ పూటనే ఎల్లగొట్టేది. వాడకట్టంత 'నువ్వే సంపినవ్' అనేది."

"సినిమా చూసినంక మీరు అక్కను అడుగలేదా?"

"అడిగిన. 'గట్ల రాసినవేందక్కా' అంటె, 'నాకు చెవుడు గద చెల్లె, తప్పు వడ్డది' అన్నది." ఆమె నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళ నిండా నీళ్ళు. "పెదవులు సదివెటందుకు చెవుడేం అడ్డం తమ్మీ?"

తప్పు పడ్డది అనే మాట అక్క నోటి వెంట వినాలని నేను ఎన్నేళ్ళు ఎదురుచూశాను! ఎవరి దగ్గరా తలవంచని మనిషి ఈమె దగ్గర, చెయ్యని తప్పు ఒప్పుకుని వచ్చింది. చానెల్ ఆయన ముందు కాసేపు ఊరుకున్నది చదవలేక కాదు. నిద్ర దగ్గర కట్ చెయ్యమన్నదీ అందుకే. ఆ వాడకట్టులో అందరికీ పెదవులు చదవడం వచ్చు. ఆ ఆఖరి మాట తెర మీద కనపడితే అక్షరాలు ఏం రాసినా లాభం లేదు. గంజిని పస్తులు చేసినందుకు నాతో వారం మాట్లాడని మనిషి, ఈమె కోసం మొత్తం మాటను తిరగేసింది. నేనేమో అతుకు బాగాలేదని మౌస్ విసిరికొట్టాను.

"మరిప్పుడు మారిస్తె వాడకట్టోళ్ళు ఊకుంటరా?" అని అడిగాను.

"అత్త పోయింది. నేను కుట్టు పనికి పోతున్న, నా కిరాయి నేను కడ్తున్న. నా బిడ్డ నౌకరి జేస్తున్నది. దానికి జెప్పే అచ్చిన. 'ఆ సినిమ అచ్చినప్పుడల్ల నువ్వు తల దించుకుంటవవ్వా, పోయి మార్పిచ్చుకో' అన్నది."

సాంచ షాట్ తీసేశాను. నిద్ర దగ్గర నుంచి ఆమె మొహాన్ని మాట పూర్తయ్యేదాకా పొడిగించాను. కింద అక్షరాలు ఆమె చెబుతుంటే టైపు చేశాను. ఒకటికి రెండుసార్లు చదువుకుంది. లేవబోతూ ఆగి అంది.

"పాతది పారెయ్యకు తమ్మీ. అది నా మాట గాదు గని, అక్క నాకిచ్చిన మాట."

ఆ పాతది నా దగ్గరే ఉంది.

ఆ ఆదివారం పొద్దున హాలు నిండింది. ఎక్కువమంది ఆ వాడకట్టు వాళ్ళే. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. ముందు వరసలో అక్క తల్లి, ఆమె పక్కన ఈమె. నేను వెనక ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డాను. ఈమె ఇవాళ ఇంటికి ఎలా పోతుందో, ఎవరేమంటారో అని నాకు ఒకటే గుబులు. ఆ షాట్ వచ్చింది. సాంచల చప్పుడు హాలంతా నిండింది. అందులో చప్పుడు తగ్గించడం అక్కకు ఇష్టం లేదు, నేనూ తగ్గించలేదు. తెర మీద ఆమె పెదవులు కదిలాయి. ఎవరూ కింది అక్షరాలు చూడలేదనుకుంటాను. అందరూ నేరుగా ఆమెనే చదువుకున్నారు. నిద్ర వట్టింది.

ముందు వరసలో ముసలామె పక్కకు వంగడం కనిపించింది. సాంచలు ఆడుతున్నప్పుడు మాట్లాడితే ఎవరికీ వినపడదని ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ ధైర్యంతో, సాంచల దగ్గర మాట్లాడినట్టే పెద్దగా అంది. కానీ అవి సినిమాలోని సాంచలు. షాట్ అయిపోయింది. చప్పుడు ఒక్కసారిగా తెగిపోయి తెర మీదికి ఖాళీ వాకిలి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో ఆమె మాట హాలు మొత్తానికి వినపడింది.

"నాకు గూడ గంతే బిడ్డా. మా ఆయన పోయినంకనే."

అక్కతో అన్నేళ్ళు పనిచేశాను. ఒక్క రోజు కూడా చెప్పలేదు. ఆ మాటను అక్క ఆ షెడ్డు గుమ్మంలో మొదటిసారి చదవలేదు, పది చదివేటప్పుడే ఇంట్లో తల్లి మొహంలో చదివింది. నేను ప్రొజెక్టర్ పట్టుకుని నిలబడి ఏడ్చాను. లక్ష్మణ్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు, వాడూ ఏడుస్తున్నాడు. హాల్లో ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. ముసలామె తన మాట అందరికీ వినపడిందని తెలిసి గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆమె ఆ చేతిని మెల్లగా కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకుంది.